ఎండిన మానుకు ముందు కెమెరా, తర్వాతే గొడ్డలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా విసురు. తెల్లారి చూస్తే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తోటలకు తోటలే పడుకుని ఉన్నాయి. ఆ వారమంతా మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి దారుల నిండా కెమెరాలే. హెలికాప్టర్లోంచి తీసిన ఫొటో, తల పట్టుకున్న రైతు ఫొటో, కూలిన కొబ్బరి పక్కన కూలబడ్డ ముసలమ్మ ఫొటో. అవన్నీ తీయాల్సినవే. అవి పత్రికల్లో పడకపోతే చెట్టుకింత అని పరిహారం ఇవ్వాలన్న మాట అంత గట్టిగా వినపడేది కాదు. వారం తిరిగింది, కెమెరాలు వెళ్ళిపోయాయి. తల తెగిన మానులు మాత్రం చాలాచోట్ల నిలబడే ఉన్నాయి, కొన్ని ఏళ్ళ తరబడి. వాటి లోపల ఆ తర్వాత ఏం మొదలైందో తీద్దామని కెమెరా పట్టుకుని వెనక్కి వచ్చినవాళ్ళను నేను చూడలేదు.

నా కోపం అక్కడే. చచ్చిన చెట్టు అనగానే మనకు తెలిసినవి రెండే: వంటచెరకు, కలప. ఇంకోటి ఉంది, వంగి చూడండి అంటే నవ్వుతారు. ఆ నవ్వు వెనకే గొడ్డలి వస్తుంది. ఇంటికి రెండు ఫోన్లు, ఫోనుకు మూడు కెమెరాలు ఉన్న ఈ రోజుల్లో, ఒక మానును నరికే ముందు లోపల ఎవరైనా ఉన్నారా అని తొంగి చూసే అలవాటు మనకు లేకపోవడం సిగ్గుచేటు. ఫొటోగ్రాఫర్లమని చెప్పుకునే మనకు మరీ సిగ్గుచేటు.

కొబ్బరి మానుతోనే మొదలుపెడతాను, ఉద్దానం బతుకంతా దాని చుట్టూనే గనక. మామిడికో పనసకో ఉన్నట్టు కొబ్బరి కాండంలో వలయాలు ఉండవు. నిలువునా నారపోగులే. బయటి వైపు అవి ఒత్తుగా, గొడ్డలి జారేంత గట్టిగా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ పలచబడి, నడుమ మెత్తటి బెండు మిగులుతుంది. చెట్టు చచ్చాక ముందు కుళ్ళేది ఆ బెండే. తెగిన తల మీంచి వాననీళ్ళు దిగుతాయి, బూజు పడుతుంది, చెదలు ఎక్కుతాయి, పురుగు తింటుంది. కాలం గడిచేకొద్దీ నడుమ బోలు, చుట్టూ గట్టి గోడ. అప్పుడు వడ్రంగిపిట్ట వచ్చి ఆ గోడకు కన్నం వేస్తుంది. తన పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాక ఆ కన్నాన్ని రామచిలుకో గోరింకో ఆక్రమిస్తుంది. తెగిన తల దగ్గర బోలు నోరు తెరిచి ఉంటే పాలపిట్ట దిగుతుంది. పగలంతా పైడికంటి గుడ్లగూబ లోపల కునుకుతూ, అలికిడైతే ముఖం మాత్రం కన్నంలోకి తెచ్చి గుడ్లురిమి చూస్తుంది. దాని కూత అరిష్టమని రాళ్ళు వేసే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. రాత్రంతా తోటలో ఎలుకల్ని, పురుగుల్ని తినేది అదే.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వడ్రంగిపిట్టకు చెక్కే ముక్కు ఉంది. చిలుక ఉన్న కన్నాన్ని కొరికి కాస్త పెద్దది చేసుకోగలదు. పాలపిట్టకు అదీ చేతకాదు. ఎవరో తొలిచిందో, తనంత తాను కుళ్ళి బోలైందో దొరికితేనే దానికి ఆ ఏడు సంసారం. దొరక్కపోతే లేదు.

తిత్లీ వచ్చిన 2018లోనే, దానికి కొద్ది నెలల ముందు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అంతకు ముందు ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్ట ఉండేది, ఇప్పుడు అది తెలంగాణ రాష్ట్ర పక్షి. తెలుగువాళ్ళ రెండు రాష్ట్రాల పక్షులూ పిల్లల్ని పెంచేది తొర్రల్లోనే, తరచుగా ఎండిన తాటి, కొబ్బరి మానుల్లోనే. దసరా నాడు పాలపిట్ట కనపడితే శుభమని మెడ తిప్పి తిప్పి వెతుకుతాం. అది పుట్టిన మానును మాత్రం వంటచెరకు లెక్కన తూకం వేస్తాం. బొమ్మను ఆఫీసు గోడల మీద వేయించి ఇంటిని వేలం వేసే జాతి మనది. ఆ తొర్రలు తెలిసిన కొందరైనా పిల్లల్ని లాగి సంతలో అమ్మడానికే తెలుసుకున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం నేరమని పంజరాలు వేలాడదీసిన ఇళ్ళకు ఎవరు చెప్పాలి?

మందస దగ్గర ఒక తోటలో తుఫానుకు ఒరిగి, తర్వాత ఎండిన పనస మాను ఒకటి ఉంది. సగం ఇసుకలో కూరుకుపోయి పడి ఉంటుంది. ఇంజను లోపల చూడడానికి మెకానిక్కులు వాడే వైరు కెమెరా ఉంటుంది కదా, ఫోనుకు తగిలించేది. దానితో ఆ మాను పక్కన బోర్లా పడుకున్నాను. తోటగల తాత వచ్చి నిలబడ్డాడు. "సచ్చిన సెట్టుకి ఫొటో ఏటి బాబూ?" అన్నాడు. నేను ఫోను ఆయన చేతికిచ్చి వైరు నెమ్మదిగా లోపలికి తోశాను.

మొదట చీకటి. తర్వాత దీపం వెలుగులో పసుప్పచ్చటి చెక్క, దాని మీద తెల్లటి బూజు పోగులు కొమ్మలు కొమ్మలుగా పాకి ఉన్నాయి. ఒకచోట ఆ పోగులు అల్లుకుని పలచటి పొరగా మారాయి, అంచున నీటి బొట్లు. ఆ పొర మీద ఆవగింజంత పురుగులు మేస్తున్నాయి, దీపం పడగానే చెక్క పగుళ్ళలోకి జారిపోయాయి. ఇంకాస్త లోపల ఒక రోకలిబండ చుట్టుకుని పడుకుని ఉంది. పైన, విరిగిన కొమ్మ మొదట్లో, తుమ్మెద తొలిచిన సొరంగం నిలువునా తెరుచుకుని కనపడింది. పెద్ద నల్ల తుమ్మెద, ఎండలో రెక్కలు ఊదారంగు మెరిసేది. తాను తొలిచిన పొట్టునే ముద్ద చేసి అడ్డగోడలు కట్టి గదులు చేసింది. ఒక గదిలో పుప్పొడి ముద్ద, దాని మీద సన్నగా వంపు తిరిగిన గుడ్డు. తాత చాలాసేపు చూశాడు. "ఇది మా మునగ పూత మీద తిరిగేది కాదేటి?" అన్నాడు.

అదే తాతా, అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు మునగపూత మీద చేసిన పరిశోధనను 1990లో ప్రచురించారు. మునగకు పుప్పొడి మోసేవాటిలో ఈ పెద్ద తుమ్మెదలే ముఖ్యమని అందులో తేల్చారు. ఉద్దానంలో పెరటి పెరటికీ మునగ ఉంది. ఆ కాయ కాయడానికి వచ్చే తుమ్మెదకు ఎండిన కొమ్మ కావాలి. పచ్చి కొమ్మలో కాపురం పెట్టే జాతి కాదది. ఎండుకొమ్మ కనపడిందని తోటంతా ఊడ్చి పొయ్యిలో పెట్టుకున్నాక, పూత రాలిపోతోందని మందుల దుకాణానికి పరుగెత్తి ఏం లాభం?

ఆ పనస మాను దగ్గరికే రాత్రిపూట అతినీలలోహిత టార్చి పట్టుకుని వెళ్ళాను. నోట్లు దొంగవో కావో చూసే చిన్న టార్చే. బెరడు సందులో పొద్దున కంటికి ఆనని తేలు ఆ వెలుగులో ఆకుపచ్చగా, కొంచెం నీలంగా వెలిగిపోతూ కనిపించింది. తేలు ఒంటి పైపొరలో ఉన్న పదార్థాల గుణం అది, ప్రపంచంలో ఏ తేలైనా దాదాపు అంతే. ఫొటోలో ఆ రంగు చూసి నగల డిజైను అనుకున్నవాళ్ళున్నారు. ఆ అందం చూడడానికి అడవులకు పోనక్కర్లేదు, పలాస నుంచి బస్సెక్కితే చాలు. తొర్రలో చెయ్యి మాత్రం పెట్టకండి. పాము ఉండవచ్చు.

మరి మన ఫొటోగ్రాఫర్లు ఎక్కడున్నారు? టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఉన్నారు. శీతాకాలం వస్తే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. మోచేతి పొడవు లెన్సులు వేసుకుని వరసగా నిలబడతారు. తీయండి, కాదనను. ఆ పక్షుల్ని తరతరాలుగా కాచుకున్న ఊరికి ఆ పేరు రావాల్సిందే. కానీ ఒకే కొమ్మ, ఒకే పక్షి, ఒకే రెక్క విప్పిన భంగిమ వందమంది తీసి ఎవరికి వారు పేరు వేసుకుంటున్నారే, వచ్చే దారిలో ఎన్ని మోడులు దాటి వచ్చారో ఒక్కరైనా గమనించారా? పెద్ద పక్షి కావాలి, రంగు కావాలి, వెనక మసకబారిన పచ్చదనం కావాలి. తెల్లారి పెట్టగానే మెచ్చుకోళ్ళు కావాలి. గంటసేపు మట్టిలో పడుకుని ఒక కన్నం లోపలికి చూసే ఓపిక ఎవరికుంది?

చూసేవాళ్ళలో కొందరు చేసే పాపం ఇంకా ఘోరం. పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడి స్తంభించాక తెచ్చి ఆకు మీద అతికించి తీస్తారు. బెరడు మొత్తం ఊడబెరికి, దాని కింద ఉన్న ప్రాణుల్ని ఎండలో ఆరబెట్టి, నాలుగు ఫ్రేములు తీసుకుని వెళ్ళిపోతారు. తొర్రలోంచి పిల్లను బయటికి తీసి చేతిలో పెట్టుకుని తీస్తారు. అది ఫొటోగ్రఫీ కాదు, దోపిడీ. బెరడు ఒకసారి ఊడితే తిరిగి అతకదు. దాని కింద ఏళ్ళుగా నిలిచిన తేమ ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైపోతుంది. ఉన్న పగులులోంచే చూడాలి. పిల్లలున్నాయని అనుమానం వస్తే దూరంగా జరిగి, తల్లి లోపలికి పోతుండగా ఒక్కటి తీసి లేచి రావాలి. చోటు పేరు రాయకూడదు, పిల్లల్ని లాగేవాడు కూడా ఆ ఫొటో చూస్తాడు గనక.

ఇప్పుడు నా మీదికి వచ్చే పెద్ద ప్రశ్న. తోటల్లో చచ్చిన కొబ్బరి మాను ఉంచితే కొమ్ముపురుగు పెరుగుతుంది, వ్యవసాయ శాఖే తీసేయమంటోంది కదా అని రైతు అడుగుతాడు. అతని మాట నిజం. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లో, కుళ్ళే కొబ్బరి మానుల్లో. పెద్దయ్యాక మొవ్వులోకి దూరి, ఇంకా విచ్చుకోని ఆకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకుంటే కత్తెరతో కత్తిరించిన విసనకర్రలా ఉంటుంది. తిత్లీ తర్వాత మిగిలిన నాలుగు చెట్లనూ ఈ పురుగుకు అప్పగించమని నేను ఏ రైతునూ అడగను. కాపు తోట నడుమ మెత్తబడుతున్న కొబ్బరి మానును తీసేయాల్సిందే. కాండం తొలిచే పురుగు పట్టి చచ్చిన జీడిమామిడిని వేళ్ళతో సహా పెకిలించాల్సిందే.

అయితే ఆ పని కూడా కళ్ళు తెరిచి చేయమంటాను. మానును చీల్చినప్పుడు లోపల తెల్లగా, లావుగా, వంకర తిరిగి గోధుమరంగు తలతో ఉన్నది కొమ్ముపురుగు పిల్ల కావచ్చు. వాటిలో కొన్ని ముదురాకుపచ్చ పొడి కప్పుకుని గట్టిపడి చచ్చి ఉంటే అది మెటారైజియం అనే బూజు పని. అధికారులు పెంటకుప్పల్లో కలపమని చెప్పేది ఆ బూజునే. కొమ్ముపురుగు గుడ్లను, చిన్న పిల్లల్ని తినే పురుగులు కూడా అదే మానులో తిరుగుతుంటాయి. శత్రువు, శత్రువును చంపేవాడు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఇల్లంతా తగలబెట్టడం వ్యవసాయం కాదు. ఒక ఫొటో తీసి రైతు సేవా కేంద్రంలోనో శాస్త్రవేత్తకో చూపిస్తే ఏది ఏదో తేలిపోతుంది. కెమెరా తోటకు కూడా పనికొస్తుందని రైతుకు చెప్పాల్సిన మనం పూలగుత్తుల ఫొటోలు పంపుకుంటూ కూర్చున్నాం.

ఇంతకీ కొబ్బరికి చెప్పిన శిక్ష పెరట్లో పనసకు ఎందుకు? రోడ్డు పక్క చింతకు, చెరువు గట్టు మీది మామిడికి, గుడి దగ్గర రావికి ఎందుకు? కొమ్ముపురుగు పేరు చెప్పి ప్రతి ఎండు చెట్టునూ వేలం వేస్తున్నారు. పురుగు పేరుతో చెట్లు నరికిన పెద్ద కథ యూరప్‌లో జరిగింది. పోలండ్‌లో బియావొవియెజా అని ఒక పాత అడవి ఉంది. స్ప్రూస్ చెట్లకు బెరడు పురుగు పట్టిందని 2016లో అక్కడి ప్రభుత్వం నరికివేతను మూడింతలు చేసింది. చచ్చిన మానుల మీదే బతికే అరుదైన పురుగులకు ఆ అడవి పెట్టింది పేరు. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా పోయింది. 2018 ఏప్రిల్ 17న ఆ నరికివేత చట్టవిరుద్ధమని తీర్పు వచ్చింది. ఆ కేసులో ఆ మానుల్లో ఏ ఏ ప్రాణులున్నాయో పేర్లతో, ఆధారాలతో చూపించగలిగారు. మన దగ్గర అలాంటి కేసు రేపు వస్తే చూపించడానికి ఏముంది? ఆ తీర్పుకు చాలా ముందే, 1966లో, ఆంగ్ల జీవావరణ శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ రాశాడు: అడవిలోంచి ఎండు చెట్లను ఊడ్చేస్తే అక్కడి జంతుజాతుల్లో అయిదో వంతుకు పైగా పోవచ్చని. అరవై ఏళ్ళవుతోంది. మన పంచాయతీ ఆఫీసుకు ఆ వార్త ఇంకా అందలేదు.

దూరం పోనక్కర్లేదు, సోంపేట మనకు పాఠం. అక్కడి బీల అనే చిత్తడి భూములను పనికిరాని నేల అని రాసుకుని థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. ఆ నీళ్ళలో చేపలున్నాయని, ఆ గడ్డి మీద పశువులున్నాయని, ఆ తడితోనే చుట్టూ పొలాలు పండుతున్నాయని అక్కడివాళ్ళకు తెలుసు. ఆ కేంద్రాన్ని అడ్డుకోబోతే 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రం పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కాగితం మీద పనికిరానిదని రాసిన నేల కోసం మనుషులు ఊరికే ప్రాణాలిస్తారా? అందులో ఏముందో వాళ్ళు చూశారు గనక ఇచ్చారు. మానుల సంగతీ అంతే. ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో విమానాశ్రయం మాట లేచింది, రైతులు రోడ్డెక్కారు. సర్వేకు వచ్చేవాడి జాబితాలో కాసే కొబ్బరికి ఒక ధర, జీడికి ఒక ధర ఉంటుంది. తొర్రలో సంసారం చేస్తున్న పాలపిట్టకు అందులో గడి లేదు. ఆ గడి మనమే గీయాలి. ఫొటో పెట్టి గీయాలి.

"మనుషులు కిడ్నీలు పోయి చస్తున్న చోట నీకు పురుగుల అందాలు కావాలా?" అని నన్ను నిలదీసినవాళ్ళున్నారు. ఆ ప్రశ్న ముందు తల వంచుతాను, కానీ నోరు మూసుకోను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తగలని వీధి లేదు. పలాసలో 2023 డిసెంబరు 14న ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. జబ్బుకు మూలం ఇదీ అని నేటికీ ఖాయంగా తేలలేదు. దాని మీద ఇంకా రాయాలి, ఇంకా తీయాలి, ఇంకా నిలదీయాలి. కానీ ఒక్కటి అడుగుతాను. ఈ నేలను బయటి ప్రపంచం చూసిన ఫొటోలు ఏవి? డయాలసిస్ మంచం, వాచిన పాదాలు, కూలిన చెట్టు. ఇక్కడ పుట్టిన పిల్ల తన ఊరి పేరు కొట్టి వెతికితే చావు తప్ప ఏమీ దొరకదు. రోగం, తుఫాను తప్ప ఇంకేమీ లేని చోటని లోకం నమ్మితే, ఆ చోటును ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. ఎలాగూ పోయిందే కదా అంటారు. ఈ ఇసుక నేలలో చచ్చిన మానులో కూడా ఇంత బతుకు ఉందని చూపించడం రోగిని మరిచిపోవడం కాదు. రోగి పుట్టిన ఊరు చావలేదని చెప్పడం.

పచ్చదనం పేరుతో జరిగే తంతు చూడండి. 2016లో వనం-మనం అన్నారు, 2020లో జగనన్న పచ్చతోరణం అన్నారు. ప్రభుత్వాలు మారాయి, ఫొటో మారలేదు: నడుమ నాయకుడు, చేతిలో మొక్క, పక్కన నీళ్ళ బిందె. మొక్కలు నాటాలి, ఉద్దానం మళ్ళీ లేవాలంటే నాటి తీరాలి. కానీ ఇవాళ నాటిన వేపకు తొర్ర పడడానికి దశాబ్దాలు పడుతుంది. అప్పటిదాకా చిలుక ఎక్కడ ఉండాలి? పాత మాను నరికి కొత్త మొక్క నాటి లెక్క సరిపోయిందనడం పసిబిడ్డను చూపించి ముసలివాళ్ళను ఇంట్లోంచి వెళ్ళగొట్టడమే.

అందుకని నేను అడిగేవి పెద్దవి కావు. రోడ్డు మీదికో ఇంటి మీదికో ఒరిగేదైతే కొట్టేయండి, ప్రాణం ముందు. లేనిచోట పనస, చింత, మామిడి మోడుల్ని పై కొమ్మలు తీసి రెండు మనిషెత్తుల మొండెం ఉంచండి. పడిపోయిన దుంగను గట్టు పక్కకు దొర్లించి వదలండి, ఇసుక నేలకు ఆ కుళ్ళే ఎరువు. తీసేయక తప్పని మానునైనా జనవరి నుంచి జూన్ దాకా ముట్టుకోకండి. చిలుక, గోరింక, పాలపిట్ట పిల్లలు చేసేది ఎక్కువగా ఆ నెలల్లోనే. బడిపిల్లలకు ఊళ్ళో ఎండు చెట్లు పంచి, ఏడాది పొడవునా ఒక్కో చెట్టును ఒక్కో పిల్లచేత ఫొటోలు తీయించండి. కాశీబుగ్గలో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే తమ్ముళ్ళారా, మీ దగ్గర ఉన్న లెన్సులు నా దగ్గర లేవు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో తోటల్లోకి రండి. ఆ వానల్లోనే మానుల మీద పుట్టగొడుగులు లేస్తాయి.

పంచాయతీ వాళ్ళు రోడ్డు పక్క ఎండు చెట్ల వేలం నోటీసు అంటిస్తే, ప్రతి చెట్టుకూ తొర్ర ఉందో లేదో చూపే ఫొటో జత చేయాలని గ్రామసభలో అడగండి. అలాంటి నిబంధన లేదంటారు. తీర్మానం చేయమనండి. చూడడానికి ఏముందంటే ఫోను తెరిచి సర్పంచి గారి చేతిలో పెట్టండి.